గంట తీగలో రవ్వ

"రిఫైనరీ గేటు దగ్గర మా ఫోన్లు తీసేసుకుంటారు. లోపల సిబ్బంది వాకీటాకీల్లో మాట్లాడుతూనే ఉంటారు. అదెలా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ కథ రేడియోతో కాదు, కాలింగ్ బెల్ లాంటి ఒక గంటతో మొదలవుతుంది.

1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిద్ బొగ్గు గని పేలుడులో 439 మంది కార్మికులు, రక్షించడానికి వెళ్లిన ఒకరు చనిపోయారు. కారణం కచ్చితంగా తేలలేదు. అనుమానం మాత్రం సిగ్నల్ గంటల మీద పడింది. సొరంగం వెంట రెండు తొడుగులేని తీగలుండేవి. వాటిని కలిపితే దూరాన గంట మోగేది. బ్యాటరీ ఎంత చిన్నదంటే ముట్టుకున్నా షాక్ కొట్టదు. ఇంక భయమెందుకు?

తీగలు కలిపినప్పుడు ఏమీ లేదు, విడదీసినప్పుడే ఉంది అసలు సంగతి. పొలంలో మోటారు నీళ్లు పోస్తుండగా వాల్వు ఠక్కున మూస్తే పైపు దడదడలాడుతుంది. పారే నీరు ఒక్కసారిగా ఆగనంటుంది. గంట లోపలి తీగచుట్టలో కరెంటు కూడా అంతే. దారి తెగితే గాలిని చీల్చుకునైనా పోతుంది. అదే రవ్వ. తీగచుట్టలో దాగిన శక్తి ½LI² అని ఇంటర్లో మార్కుల కోసం వల్లె వేశామే, దాని అర్థం ఇదని ఎవరూ చెప్పలేదు! చుట్ట ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం (L), 0.1 హెన్రీ, కరెంటు (I) 0.1 ఆంపియర్ అనుకోండి: 0.5 మిల్లీజూళ్లు. బొగ్గు గనుల్లో ఊరే మీథేన్ గ్యాసు అంటుకోవడానికి 0.28 చాలు. హైడ్రోజన్‌కైతే 0.02.

గనిలోనైనా రిఫైనరీలోనైనా మాట్లాడే వాకీటాకీ ఈ లెక్కకు కట్టుబడి తయారవుతుంది. లోపల తీగ తెగినా, ఒక భాగం చెడినా, రవ్వలో అంత శక్తి చేరకుండా కరెంటుకు కళ్లెం వేస్తారు. యాంటెన్నాను మాత్రం ఇనుప పెట్టెలో దాచలేం, తరంగం బయటికి రాదు. అందుకే పేలే గ్యాసులున్న చోట వాడే పరికరాలకు అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ పెట్టిన 60079 ప్రమాణం తరంగం బలానికే హద్దు గీసింది: యాంటెన్నా గెయిన్ (తరంగాన్ని ఒకవైపు కేంద్రీకరించడం వల్ల పెరిగే బలం) కలుపుకుని మీథేన్, ప్రొపేన్ ఉన్నచోట 6 వాట్లు, హైడ్రోజన్ ఉన్నచోట 2. దగ్గర్లో పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంటే క్రేను కూడా, తాడూ కొక్కెంతో సహా, యాంటెన్నాగా మారుతుంది. కొక్కెం తాకి విడిపోయే చోట రవ్వ పుట్టవచ్చు.

వైఫై సుమారు 0.1 వాటే, ఫోను తరంగం కూడా ఆ 6 వాట్ల హద్దు లోపే. అందుకే 'ఫోను మోగితే పెట్రోలు బంకు పేలుతుంది' అన్నది దిష్టిబొమ్మ లాంటి నమ్మకం. కారు సీటు మీంచి దిగిన మనిషి ఒంట్లో 10,000 వోల్టుల స్థిర విద్యుత్తు చేరితే 5 మిల్లీజూళ్లు!  అలాగని గేటు దగ్గర గొడవపడకండి. మీ ఫోను లోపలి తీగల లెక్క ఎవరూ పరీక్షించలేదు.

పరీక్షించిన వాకీటాకీకి కూడా గ్యాసున్న చోట బ్యాటరీ మార్చకూడదు. బ్యాటరీ లోహపు పట్టీలు విడిపోయే ఆ క్షణం, ఆ గంట తీగల క్షణమే.