రాయి పేరు కాదు, పగుళ్లు చూడాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కాలువ పనైనా, రోడ్డు పనైనా కాంట్రాక్టరుకూ ఇంజినీరుకూ మాటామాటా పెరిగేది ఎక్కువగా ఒక్క దగ్గరే. తవ్వింది హెచ్‌డీఆరా (శిథిలమైన గట్టి రాయి), ఎఫ్ అండ్ ఎఫ్ రాకా (పగుళ్లూ చీలికలూ పడిన రాయి), హార్డ్ రాకా (గట్టి రాయి)? రేటు దాన్నిబట్టే మారిపోతుంది. బిల్లు మీద తగవు మొదలయ్యే సరికి ఆ రాయి లారీ ఎక్కి వెళ్లిపోయి ఉంటుంది.

బావులు చేత్తో తవ్వే రోజుల్లో లెక్క సులువు: గడ్డపారకు లొంగితే ఒక కూలి, పేలుడు మందు పెట్టాల్సి వస్తే ఇంకో కూలి. నిర్మాణ పనుల కొలతలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మొదటి భాగం కూడా గట్టి రాయిని తేల్చేది పేల్చాలా వద్దా అన్నదాని మీదే. యంత్రాలు వచ్చాక ఆ గీత చెదిరింది. 1950ల చివర్లో క్యాటర్‌పిల్లర్ కంపెనీ, నేలలో కంపన తరంగాలు వెళ్లే వేగాన్ని బట్టి తన బుల్‌డోజర్ ఏ రాయిని చీల్చగలదో పట్టికలు వేసింది. 1971లో ఫ్రాంక్లిన్, బ్రాచ్, వాల్టన్ అనే పరిశోధకులు రాయి బలాన్నీ, పగుళ్ల మధ్య దూరాన్నీ ఒకే గ్రాఫ్ మీదికి తెచ్చి, తవ్వేది, చీల్చేది, పేల్చేది అని గీతలతో విడదీశారు. నా దృష్టిలో అసలు మలుపు అదే. యంత్రాల బలం పెరిగేసరికి ఆ గీతలు పాతబడ్డాయి. 1994లో పెటిఫర్, ఫూక్స్ వాటిని సవరించారు.

ఇదంతా ఎందుకో తిరుమల ఘాట్ రోడ్డులో కళ్లారా కనిపిస్తుంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి). రెంటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. క్వార్ట్‌జైట్‌ను సుత్తితో కొడితే ఖంగుమంటుంది, డ్రిల్ బిట్లను ఇట్టే అరగదీస్తుంది. అంత గట్టి రాయీ పొరలూ నిలువు పగుళ్లూ దగ్గరగా ఉన్నచోట దిమ్మెలుగా ఊడొస్తుంది. వాననీరు దిగేదీ ఆ సందుల్లోకే. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడ్డాయి.

పలమనేరు, కుప్పం వైపు కథ వేరు. పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన గ్రానైట్, అందులో అక్కడక్కడా చెక్కుచెదరని గుండ్లు. తరంగాల వేగం సగటున తక్కువే చూపించొచ్చు, అంటే సులువుగా తవ్వొచ్చనిపిస్తుంది. పొక్లెయిన్ బకెట్ గుండుకు తగిలాకే బ్రేకర్ (రాయిని కొట్టి పగలగొట్టే యంత్రం) కోసం పరుగు, రేటు కోసం పేచీ. పరీక్ష కోసం వేసిన బోరు సరిగ్గా గుండు మీద పడితే తిరకాసు ఇంకోలా: కిందంతా హార్డ్ రాకే అని రిపోర్టు వస్తుంది.

అందుకే టెండరుకు ముందే ట్రయల్ పిట్లు (పరీక్ష గుంతలు) తీయించాలి. పగుళ్ల దూరం టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీసి, ఇద్దరి సంతకాలతో ఫైల్లో పెట్టాలి. ఏ సైజు యంత్రంతో ప్రయత్నించారో కూడా అందులో రాయాలి. తిరుపతిలో ఇళ్ల మధ్య పేలుడుకు వీలుండదు కాబట్టి అక్కడ ఈ పని మరీ ముఖ్యం. అలాంటి చోట బ్రేకర్ రోజంతా కొట్టినా రాలేది కొంచెమే.