మొవ్వులో వేపపిండి, చెన్నైలో అభ్యంతరం: పేటెంట్ గడువుల వెనక కథ

కొబ్బరికి కొమ్ము పురుగు పడితే ఆ సంగతి చెట్టే చెబుతుంది. కొత్తగా విచ్చుకున్న మట్ట చూస్తే ఎవరో కత్తెరతో కోసినట్టుంటుంది. కోనసీమలో దింపు కార్మికుడు చెట్టెక్కి, మొవ్వులో కన్నం వెతికి, ఇనుప కొక్కెంతో పురుగును బయటికి లాగేస్తాడు. మళ్లీ రాకుండా వేపపిండి, ఇసుక కలిపి ఆకు మొదళ్లలో పోస్తారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా నాన్న చేసేవాడు, నేనూ చేస్తున్నా అంటారు.

రేపు ఎవరో ఇదే మిశ్రమాన్ని కాస్త అటూ ఇటూ మార్చి, ‘కొత్త ఫార్ములేషన్’ అని పేటెంట్ అడిగారనుకుందాం. సాగు పద్ధతులకూ సంప్రదాయ జ్ఞానానికీ పేటెంట్ ఇవ్వకూడదని మన పేటెంట్ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అయితే ఇది అంబాజీపేట చుట్టుపక్కల అందరికీ తెలిసిన పనేనని చెన్నై పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పరిశీలించే అధికారికి ఎవరు చెబుతారు? ఎప్పటిలోగా చెప్పాలి?

ఆలస్యమైతే ఎంత ఖరీదో వేప విషయంలోనే చూశాం. వేపనూనెతో శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతికి యూరప్ పేటెంట్ ఆఫీసు 1994లో అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ కలిపి పేటెంట్ ఇచ్చింది. 1995లో అభ్యంతరం పడింది, 2000లో పేటెంట్ రద్దయింది. అప్పీలు కూడా ముగిసేసరికి 2005 మార్చి. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంట్‌ను మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలు చూపించి 1997లో కొట్టేయించింది. రెండూ గెలిచాం. కాకపోతే రెండుచోట్లా పేటెంట్ చేతికొచ్చాకే పోరాటం మొదలైంది.

మన 1970 చట్టంలో మొదట్లో పద్ధతి వేరు. దరఖాస్తును అంగీకరించినట్టు ప్రకటించాక, సంబంధం ఉన్నవాళ్లు నాలుగు నెలల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం మందులకు కూడా ఉత్పత్తి పేటెంట్లు (తయారీ పద్ధతికే కాక మందుకే ఇచ్చేవి) ఇవ్వాల్సి రావడంతో 2005లో చట్టం మారింది. అంతకుముందు 2004 డిసెంబరులో తెచ్చిన ఆర్డినెన్సులో ముందస్తు అభ్యంతరం, అంటే మంజూరుకు ముందే చెప్పేది, నీరసంగా ఉండేది. వామపక్షాలు పట్టుబట్టాక, 2005 మార్చిలో పార్లమెంటు దానికి బలం పోసింది.

అలా వచ్చిందే 25(1) సెక్షన్. పేటెంట్ మంజూరు కాకముందు ‘ఎవరైనా’ అభ్యంతరం చెప్పవచ్చు. కంపెనీయే కావాలని లేదు, రైతైనా సరే. పదకొండు కారణాల్లో చివరిది మన డెల్టా కోసమే రాశారేమో అనిపిస్తుంది. దేశంలోనో మరెక్కడో స్థానిక సమాజం దగ్గర నోటిమాటగానైనా ఆ జ్ఞానం ముందే ఉంటే చాలు, అభ్యంతరం చెప్పవచ్చు. మా నాన్న చేసేవాడు అన్న మాటకు చట్టంలో చోటు దొరికింది.

ఇక గడువు. దరఖాస్తు మామూలుగా 18 నెలలు గోప్యంగా ఉండి, తర్వాత పేటెంట్ జర్నల్లో వస్తుంది. దరఖాస్తుదారు కోరుకుంటే ఇంకా ముందే రావచ్చు. అలా ప్రచురించిన ఆరు నెలల్లోపు పేటెంట్ ఇవ్వకూడదు. అంటే కచ్చితంగా దొరికే సమయం ఆరు నెలలే. ఆ తర్వాత మంజూరు ఏ రోజైనా జరగవచ్చు, ఏళ్లు పట్టినా పట్టవచ్చు. అప్పటిదాకా ద్వారం తెరిచే ఉంటుంది. మంజూరయ్యాక మాత్రం ఆ ప్రకటన వెలువడిన ఏడాదిలోపు, అదీ సంబంధం ఉన్నవాళ్లే అభ్యంతరం చెప్పాలి.

అమెరికాలో తంతు విచిత్రం. అక్కడ ‘ప్రొటెస్ట్’ వేయాలంటే దరఖాస్తు బయటికి రాకముందే వేయాలి. బయటికి రానిది పక్కవాడికి ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి! 2012 నుంచి మాత్రం ప్రచురణ తర్వాత కొంతకాలం పాత ఆధారాలు పంపే వీలు కల్పించారు. పంపడం వరకే, వాదించడానికి లేదు.

మన దగ్గర ఈ సెక్షన్‌కు అసలైన పరీక్ష మందుల దగ్గరే జరిగింది. క్యాన్సర్ మందు గ్లివెక్ దరఖాస్తుపై క్యాన్సర్ రోగుల సంఘంతోపాటు మన హైదరాబాద్ నాట్కో, హెటెరో కూడా అభ్యంతరం చెప్పాయి. చెన్నై ఆఫీసు 2006 జనవరిలో దరఖాస్తును తిరస్కరించింది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న అదే ఖాయం చేసింది. క్షయ మందు బెడాక్విలిన్ రెండో పేటెంట్ కూడా రోగుల అభ్యంతరంతోనే 2023 మార్చిలో ఆగిపోయింది.

ఏళ్ల తరబడి దరఖాస్తులు నానబెట్టడానికే కొందరు అభ్యంతరాలు వేస్తున్నారని కంపెనీలు గోలపెట్టాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2024 మార్చి సవరణలతో అభ్యంతరం విచారణకు నిలుస్తుందో లేదో పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, అంటే కంట్రోలర్, ముందే తేలుస్తారు. దరఖాస్తుదారు జవాబు గడువు మూడు నెలల నుంచి రెండుకు తగ్గింది. అప్పటిదాకా ఉచితంగా ఉన్న అభ్యంతరానికి ఫీజు పెట్టారు. ఈ చివరిది మాత్రం నాకు మింగుడుపడదు. కంపెనీకి అది టీ ఖర్చు, కౌలు రైతుకు కాదు.

వరి విత్తనాల దారి వేరు. మార్టేరు స్వర్ణలాంటి రకాలు పేటెంట్ కిందికి రావు, వాటికి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2001 చట్టం ఉంది. రకం నమోదు ప్రకటన వచ్చిన మూడు నెలల్లో అభ్యంతరం వేయాలి.

పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం ఆన్‌లైన్‌లో వస్తుంది, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. వేపపిండి కొన్న పాత బిల్లు ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి. దానిమీది తేదీ అవతలివాడి దరఖాస్తు తేదీకన్నా ముందుదైతే, అభ్యంతరానికి జతచేయడానికి అదీ ఒక కాగితమే.