మన వీధి అక్క వీడియో గురించి

పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. సెలవులకు వచ్చినప్పుడు మీరు తీసిన వీడియో మూడుసార్లు చూశాను. తెల్లవారకముందే లేచి, మన వీధి ఊడ్చే అక్క వెనకాలే తిరిగి తీశారు. చీపురు చప్పుడు ఎంత బాగా వినిపించిందో! కానీ ఆరు నిమిషాల్లో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. పాపం, పేదది అంటూ అంతా మీరే చెప్పారు. ఫోన్‌లో అంటే చిన్నబుచ్చుకుంటారని ఉత్తరం రాస్తున్నాను. మీకు దీపా ధన్‌రాజ్ గారి గురించి చెప్పాలి.

ఆమె హైదరాబాద్‌లో పుట్టారు. డాక్యుమెంటరీలు తీస్తారు. 1980లో ఆభా భయ్యా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్‌తో కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. కెమెరా పని నవ్‌రోజ్ గారిది. ఆ ఏడాదే పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు సమ్మెకు దిగారు. వాళ్ల మీద తీసిందే ‘మోల్కరీణ్’. మరాఠీలో పనిమనిషి అని అర్థం.

ఇప్పుడు మీరు ఫోన్‌లో గంటసేపు తీసి, నచ్చనిది తీసేస్తారు. అప్పట్లో 16 ఎంఎం ఫిల్ము. 400 అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోయేది. దాన్ని కడిగించడానికి మళ్లీ డబ్బు. కానీ వాళ్లు జనంతో గడిపిన కాలానికి రీలు లెక్క లేదు. కర్ణాటకలోని నిపాణిలో పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల దగ్గర నెలల తరబడి ఉన్నారు. వాళ్ల కష్టాలు, సంఘం పెట్టుకున్న తీరు అన్నీ విన్నారు. అంత నమ్మకం కుదిరాకే ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతోందో తెర మీదకొచ్చింది. ఆ సినిమాలను కార్మికుల మీటింగుల్లో చూపించేవారు. ఎవరి కథో వాళ్లు చూడాలి కదా. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

1983లో మన తెలుగులో వచ్చింది ‘ఇది కథ మాత్రమేనా’. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లతో కలిసి తీశారు. ఇంట్లో దెబ్బలు తినే ఆడదాని కథ అది. సంఘంలోని ఆడవాళ్లే మాట్లాడుకుని కథ అల్లారు, వాళ్లే నటించారు. నేను దాన్ని ఒక చిన్న హాల్లో, కింద చాప మీద కూర్చుని చూశాను. అయిపోయి లైట్లు వేశాక కూడా నా పక్కన కూర్చున్నావిడ లేవలేదు. మంచి చీర, చేతినిండా గాజులు. చాలాసేపటికి, "మా ఇల్లే" అంది. అంతవరకు నేను అణగారినవాళ్లంటే బస్తీల్లో ఉండేవాళ్లే అనుకునేదాన్ని.

ఆ తర్వాత దీపా గారు చాలా తీశారు. 1984లో జరిగిన పాతబస్తీ మతకలహాల మీద 1986లో ఒకటి, 1991లో కుటుంబ నియంత్రణ పేరుతో ఆడవాళ్లకు జరిగిన అన్యాయం మీద ఒకటి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, దళిత విద్యార్థుల పోరాటం మీద తీసిన సినిమా 2018లో వచ్చింది. నలభై ఏళ్లకు దగ్గరగా అదే పని! యుగాంతర్ పాత రీళ్లను బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ బాగుచేయించింది కాబట్టి ఇవాళ మీరూ చూడొచ్చు. ‘ఇది కథ మాత్రమేనా’ పాతిక నిమిషాలే, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

మీ వీడియో మాత్రం తీసేయకండి. ఆ చీపురు చప్పుడు అలాగే ఉండాలి. నిన్న అక్క పని అయిపోయి మన మెట్ల మీద కూర్చుంటే అడిగాను. "తీసిన్రని తెలుసు గని, నేనెట్లొచ్చిన్నో నాకు చూపియ్యలే అమ్మా" అంది. ఆదివారం ఏడింటికల్లా వచ్చేయండి. టీ నేను పెడతాను.

మీ
అమ్మమ్మ