అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి బంగారమేనా? సెకండ్ హ్యాండ్ నగల మీద అపోహలు - వాస్తవాలు

సెకండ్ హ్యాండ్‌లో నగలు కొనేవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు. గిల్టును బంగారం అనుకుని కొనడం ఒకటి. అసలైనదాన్ని గిల్టు అనుకుని వదిలేయడం ఇంకొకటి. మొదటిదాని గురించి అందరూ చెబుతారు, రెండోది ఎవరి లెక్కలోకీ రాదు. పాత నగల నాణ్యం చూసి చెప్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లోనే ఏదో ఒక పరీక్ష చేసి, తీర్పు కూడా తేల్చుకుని వస్తారు. ఆ పరీక్షలు దాదాపు అన్నీ నకిలీని పట్టించగలవు గానీ, అసలైనదని పూచీ ఇవ్వలేవు. ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అసలు, అంటుకుంటే నకిలీ.

వాస్తవం: రెండు సగాలూ తప్పే. బంగారం, వెండి, ప్లాటినం అయస్కాంతానికి అంటుకోవు, నిజమే. రాగి, ఇత్తడి, సీసం, అల్యూమినియం కూడా అంటుకోవు. నకిలీ నగల్లో ఎక్కువ భాగం తయారయ్యేది రాగి, ఇత్తడితోనే. కాబట్టి అంటుకోలేదంటే లోపల అయస్కాంతం లాగే లోహం లేదని మాత్రమే అర్థం.

ఇక అంటుకుంటే? ఎక్కడ అంటుకుందో చూడండి. గొలుసు కొక్కెంలో చిన్న స్ప్రింగు ఉంటుంది, అది చాలాసార్లు స్టీలుదే. నిఖార్సైన 18 క్యారెట్ల గొలుసు కూడా కొక్కెం దగ్గర అయస్కాంతం వైపు జరుగుతుంది. కోబాల్ట్ కలిపిన ప్లాటినం ఉంగరాలూ కాస్త స్పందిస్తాయి. గొలుసు పొడవునా లాగితేనే పక్కన పెట్టేయండి.

అపోహ: నగ మీద నాణ్యం చెప్పే ముద్ర ఉంది కదా, ఇంకేం చూడాలి?

వాస్తవం: ముద్ర వేయడానికి ఒక పంచ్, ఒక సుత్తి చాలు. వెండికి వేసే 925 ముద్ర కొట్టిన ఇత్తడి ఉంగరాలు కొల్లలు. అలాగని ముద్రను పట్టించుకోవద్దని కాదు, పూర్తిగా చదవాలి. 375 అంటే 9 క్యారెట్లు, 585 అంటే 14, 750 అంటే 18, 916 అంటే 22. ఇవన్నీ వెయ్యి భాగాల్లో బంగారం ఎన్ని భాగాలో చెప్పే అంకెలు. వెండికి 800, 925, 958 కనబడతాయి, ప్లాటినానికి 950.

అంకె తర్వాత వచ్చే అక్షరాల్లోనే ఉంది కిటుకు. 18 తర్వాత జీపీ, జీఈపీ, హెచ్‌జీఈ లాంటివి ఉంటే అది పూత. జీఎఫ్ ఉంటే అడుగు లోహం మీద బంగారు రేకు అతికించినది, మన భాషలో రోల్డ్ గోల్డ్ లాంటిది. "1/20 12కే జీఎఫ్" అని ఉందనుకోండి. వస్తువు బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల బంగారం అన్నమాట. 12 క్యారెట్లలో అసలు బంగారం సగమే. అంటే మొత్తం బరువులో నలభయ్యో వంతు, 2.5 శాతం. ఎంత పెట్టొచ్చో ఆ లెక్కే చెబుతుంది.

పసుపు రంగు గొలుసు మీద 925 ఉంటే అది బంగారు పూత వేసిన వెండి. మోసం కాదు, కాకపోతే వెండి ధరకే కొనాలి. దీనికి ఉల్టా ఇంకొకటి: 14 పక్కన కేపీ అని కనిపిస్తే చాలామంది పీ అంటే పూత అనుకుని వదిలేస్తారు. అక్కడ పీ అంటే ప్లంబ్, అంటే ఆ క్యారెట్‌కి తక్కువ కాకుండా సరిగ్గా ఉందని. మంచి బేరాలు ఇలాగే చేజారతాయి.

ముద్ర ఏ భాగం మీద ఉందో కూడా ముఖ్యం. కొక్కెం మీద ఉన్న ముద్ర కొక్కేనికే చెందుతుంది. పాత బంగారు కొక్కేన్ని తెచ్చి గిల్టు గొలుసుకు తగిలించడం తెలియని విద్యేం కాదు.

అపోహ: ముద్ర లేకపోతే నకిలీ.

వాస్తవం: ఉంగరం సైజు మార్చేటప్పుడు ముద్ర ఉన్న ముక్కే కోసేసి ఉండొచ్చు. ఏళ్ల తరబడి పెట్టుకుంటే అరిగిపోయి ఉండొచ్చు. ముద్ర లేనిదాన్ని నాణ్యం చూపించి కొనాలి, అంతే.

అపోహ: కొరికితే, ఐసు ముక్క పెడితే, నేలకేసి కొడితే తెలిసిపోతుంది.

వాస్తవం: బంగారం కన్నా సీసం మెత్తన, పంటి గాటు దాని మీద ఇంకా బాగా పడుతుంది. ఐసు వెండి మీద త్వరగా కరగడం నిజమే, రాగి మీదా దాదాపు అంతే వేగంగా కరుగుతుంది. వేడిని ప్రసరింపజేయడంలో ఈ రెండిటికీ మధ్య తేడా చాలా తక్కువ. మోత విని పోల్చడం నాణేలకైతే కొంత పనికొస్తుంది. రాళ్లు పొదిగిన నగను నేలకేసి కొడితే మోత సంగతి అటుంచి రాయి ఊడుతుంది.

అపోహ: రంగు మారింది, చర్మం పచ్చబడింది, నల్లబడింది. కాబట్టి గిల్టే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. 9 క్యారెట్ల ఉంగరంలో సగం కన్నా ఎక్కువ ఇతర లోహాలే, వాటిలో రాగి ఉంటుంది. చెమట తగిలితే వేలి మీద పచ్చటి మరక పడొచ్చు. వెండి గాలిలోని గంధకపు వాయువులతో నల్లబడుతుంది, అది దాని సహజ గుణం. మెరుగుతో ఉన్న వెండిని చూసి నమ్మడం, నల్లబడినదాన్ని చూసి అనుమానించడం, రెండూ తొందరపాటే. వెండి పూత వేసిన వస్తువు కూడా అలాగే నల్లబడుతుంది మరి.

వైట్ గోల్డ్‌ది వేరే కథ. ఆ అద్దంలాంటి తెలుపు చాలావరకు పైన వేసిన రోడియం అనే తెల్లటి లోహపు పూతది. అది అరిగాక అడుగున లేత పసుపు ఛాయ బయటపడుతుంది. "పూత పోయింది, నకిలీ" అని అమ్మేవాళ్లే అనుకుంటారు. ఆ ఛాయ మీగడ రంగులోనో బూడిద కలిసిన పసుపులోనో ఉంటే, లోపల 750 లేదా 585 ముద్ర కూడా ఉంటే, వదలొద్దు, పరీక్ష చేయించండి.

మరి పూత ఎలా పట్టుకోవాలి? పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, అయస్కాంతం కన్నా వెయ్యి రెట్లు ఉపయోగం. మెరిసే ముందు భాగం చూడకండి. గొలుసు లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే లోపలి అంచులు, ఉంగరం అడుగు వైపు, కమ్మల కాడలు, కొక్కెం తెరుచుకునే మూల చూడండి. పూత అయితే అక్కడ ముందు లేస్తుంది. అంచులు చిరిగినట్టున్న మచ్చ కనిపించి, దాని కింద ఎర్రగానో బూడిదగానో వేరే లోహం తొంగిచూస్తుంది. టంకం పెట్టిన చోట సన్నగా, తిన్నగా ఒక గీత వేరే రంగులో ఉంటే కంగారు పడక్కర్లేదు, టంకం వన్నె తక్కువ ఉండటం మామూలే. గొలుసు చివర రింగు టంకం లేకుండా వంచి వదిలేశారంటే మాత్రం ఇంకాస్త అనుమానించండి. మరమ్మతు చేసిన అసలు గొలుసుకూ అలా ఉండొచ్చు గనక అదొక్కటే రుజువు కాదు.

అపోహ: బరువుగా ఉంది కాబట్టి బంగారమే.

వాస్తవం: చేతి అంచనా కాదు, సాంద్రత లెక్క కావాలి. ఇది ఇంట్లోనే చేయొచ్చు, నాకు బాగా నచ్చిన పరీక్ష కూడా ఇదే. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు కావాలి, కూరగాయలు తూచేది పనికిరాదు. ముందు నగను పొడిగా తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నగను దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుక్కి తగలకుండా వేలాడదీయండి. పొడి బరువును ఇప్పుడు త్రాసు చూపే అంకెతో భాగించండి.

750 ముద్ర ఉన్న పసుపు గొలుసు 10.6 గ్రాములు ఉందనుకోండి. నీళ్లలో 0.68 దగ్గర చూపిస్తే సాంద్రత 15.6, 18 క్యారెట్లకు సరిపోతుంది. 1.23 చూపిస్తే 8.6, అది ఇత్తడి. స్టెర్లింగ్ వెండి, అంటే 925 వెండి, 10.3 చుట్టుపక్కల వస్తుంది. జర్మన్ సిల్వర్ పేరులో తప్ప ఒంట్లో వెండి లేనిది. రాగి, నికెల్, జింక్ మిశ్రమం కాబట్టి 8.7 దగ్గర ఆగుతుంది.

గాలి బుడగలు పట్టుకుంటే లెక్క తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క లిక్విడ్ సోపు వేస్తే వదిలిపోతాయి. రాళ్లు పొదిగినవి, లోపల బోలుగా ఉన్నవి ఈ పద్ధతికి లొంగవు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.3 కాబట్టి లోపల అది పెడితే ఎలా అని అడుగుతారు. కడ్డీలు, నాణేలు కొనేవాళ్లు దానికి భయపడాలి. అంత గట్టి లోహాన్ని సన్నటి గొలుసుగా అల్లడం తేలిక కాదు.

అపోహ: గీటురాయి, యాసిడ్, ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ (ఎక్స్‌రేలతో లోహాల శాతం చెప్పేది) చెప్పిందే ఫైనల్.

వాస్తవం: ఏ చోట పరీక్షించారన్నదే ఫైనల్. గీటురాయి మీద నగను తేలిగ్గా గీస్తే పూత మాత్రమే అంటుకుంటుంది. కనబడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి అక్కడ చూడాలి. ఆ గాటులో నైట్రిక్ యాసిడ్ పడగానే ఇత్తడి పచ్చగా పొంగుతుంది. (ఇది ఇంట్లో చేయొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముత్యాలూ పాడవుతాయి.) ఎక్స్‌ఆర్‌ఎఫ్ నగను పాడుచేయదు గానీ, లోతుకు పోదు. అది చదివేది పైనున్న కొద్ది మైక్రాన్లనే, మహా అయితే కొన్ని పదుల మైక్రాన్లు. పూత మందంగా ఉంటే స్క్రీన్ మీద బంగారం శాతం ఘనంగానే కనబడుతుంది. అందుకని మెషిన్ దగ్గరికి వెళ్లినప్పుడు నగ మధ్య భాగం ఒక్కటే చూసి రిపోర్టు ఇస్తే సరేననకండి. అరిగిన అంచు, కొక్కెం, గొలుసు మధ్య లింకు, మూడూ విడివిడిగా పెట్టించి, మూడు అంకెలూ రాయించుకోండి.