పొలంలోకి వచ్చాకే పట్టుబడింది: జన్యు పంటల పరీక్షల నేపథ్యం

విశాఖపట్నం: సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 మీద వివాదం మళ్లీ రాజుకుంది. పురుగును తట్టుకునేలా బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ పత్తి మీద తగాదాలు పత్తి పెద్దగా పండని విశాఖకు దూరంగానే ఉండిపోయాయి గానీ, ఈసారి సంగతి సన్నబియ్యానికే వచ్చింది.

భద్రత మీద సందేహాలతో బీటీ వంకాయను కేంద్రం 2010లో ఆపేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. క్షేత్ర పరీక్షల మీద నిఘా ఎలా నడుస్తుందో తెలియాలంటే మాత్రం 2001 నాటి గుజరాత్‌కు వెళ్లాలి. ఆ ఏడు కాయతొలుచు పురుగు విరుచుకుపడి చుట్టుపక్కల చేలన్నీ దెబ్బతింటే, నవభారత్-151 అనే పత్తి రకం వేసిన చేలు మాత్రం నిలబడ్డాయి. అందులో అనుమతి లేని బీటీ జన్యువు ఉన్నట్టు బయటపెట్టింది జన్యుమార్పిడి పంటల నియంత్రణ బాధ్యత మోస్తున్న కేంద్ర కమిటీ జీఈఏసీ కాదు. బీటీ పత్తికే పరీక్షలు జరిపి అనుమతి కోసం ఎదురుచూస్తున్న పోటీ విత్తన కంపెనీ మహికో. అప్పటికే అది వేల ఎకరాల్లో కాపుకొచ్చింది. పంట పీకి తగలబెట్టమని అక్టోబరులో కమిటీ ఆదేశించింది, రైతులు ఎదురుతిరిగారు, పత్తి చాలావరకు మార్కెట్‌కు వెళ్లిపోయింది. ఐదు నెలలకే, 2002 మార్చి 26న, మహికో రకాలు మూడింటికి అదే కమిటీ అనుమతి ఇచ్చింది. ఏళ్ల తరబడి జరిగిన పరీక్షల ఫలితమే ఆ అనుమతి అని సమర్థకులు అంటారు.

అదే వరుస మన చేలలోనూ కనిపించింది. కలుపు మందును తట్టుకునే పత్తికి పెట్టుకున్న దరఖాస్తును మహికో 2016లో వెనక్కి తీసుకుంది. ఆ పత్తి మరుసటి ఏడాదికే తెలుగు రాష్ట్రాల్లో, మహారాష్ట్రలో బీజీ-3 పేరుతో దొంగచాటుగా పాకింది. ఫిర్యాదులు వెళ్లాకే కేంద్రం విచారణ సంఘాన్ని వేసింది. కమిటీ గట్టిగా నిలబడిన సందర్భం లేకపోలేదు: 2005లో ఆ మూడు మహికో రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అయితే దానికి ఆధారం రాష్ట్ర వ్యవసాయ శాఖ పొలాల్లో తిరిగి తెచ్చిన నివేదికలు.

పరీక్ష పొలానికీ పక్క పంటకూ 200 మీటర్ల దూరం ఉండాలని, ప్రతి పరీక్షకూ ఒక శాస్త్రవేత్త పేరు పెట్టి బాధ్యుణ్ని చేయాలని చెప్పింది కూడా 2007 మే నెలలో సుప్రీంకోర్టే.

ఇప్పటి వరి ఈ కట్టుబాట్ల బయట ఉంది. పరాయి జన్యువు మిగలని జన్యు సవరణ పంటలకు, జన్యుమార్పిడి జీవుల నియంత్రణకు పెట్టిన 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు వర్తించవని 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ మెమో ఇచ్చింది. దాంతో జీఈఏసీ పరిశీలన పోయి, పంటను రూపొందించే సంస్థలోనే ఉండే జీవభద్రతా కమిటీ నిర్ధారణ ముఖ్యమైంది. దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట 20 రోజులు ముందు అని 2025 మేలో ప్రకటించారు. కొత్త వరి రకాలను పరీక్షించే సమన్వయ వరి పరిశోధన పథకం సొంత నివేదికల్లోని అంకెలే ఆ మాటను నిలబెట్టడం లేదని జన్యుమార్పిడి పంటల వ్యతిరేక సంఘాలు అచ్చయిన పట్టికలు ముందుపెట్టి చెబుతున్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఈసారి కూడా లెక్క అడిగింది బయటివాళ్లే. జన్యుమార్పిడి పంటను పొలంలో పరీక్షించాలంటే 2011 నుంచి రాష్ట్రం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. జీఈఏసీ దాకానే వెళ్లనక్కరలేని ఈ వరి విషయంలో ఆ దస్త్రం అమరావతికి రావలసిన పనే లేదు.