మొద్దు మిగిలినా పురుగు మిగిలినట్టే

నల్లగా నిగనిగలాడే ఒళ్లు, దాని మీద తెల్లమచ్చలు, ఒంటికంటే పొడవైన చారల మీసాలు. ఆసియా పొడుగుమీసాల పెంకుపురుగు అమెరికాలో మొదట బయటపడింది 1996లో, న్యూయార్క్‌ బ్రూక్లిన్‌ వీధి చెట్ల మీద. సరుకుల చెక్కపెట్టెల్లో దాక్కుని సముద్రం దాటింది. మన మామిడి కాండం తొలిచే పురుగుది కూడా ఇదే కుటుంబం. అక్కడ ఇది మేపుల్, బర్చ్, ఎల్మ్, విల్లో చెట్లను చంపుతుంది.

తల్లి పురుగు బెరడును కొరికి, గుంటకొక గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు మొదట బెరడు కింది మెత్తటి పొరను తింటుంది, తర్వాత చెక్కలోకి తొలుచుకుపోతుంది. ఏడాదికో రెండేళ్లకో పెన్సిల్‌ దూరేంత గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. ప్రభుత్వానికి చిక్కంతా ఆ మధ్యకాలంతోనే. చేవలోకి దిగిన పురుగుకు మందు అందదు. అందుకే మన పత్తి రైతులకు తెలిసిన ఇమిడాక్లోప్రిడ్‌నే చుట్టుపక్కల ఇంకా పురుగు పట్టని చెట్ల కాండంలోకో, వేళ్ల దగ్గర మట్టిలోకో ఎక్కిస్తారు. పట్టిన చెట్టును మాత్రం కొట్టెయ్యాల్సిందే. కొట్టిన చెక్కను ముక్కలు చేసేటప్పుడు పొడవు, వెడల్పు, మందాల్లో కనీసం రెండు కొలతలు అంగుళం లోపు ఉండాలి. ముక్క పెద్దదైతే లోపల పురుగు బతికిపోవచ్చు. మొద్దును కూడా నేలమట్టానికి కిందిదాకా పిండి చేస్తారు.

పట్టిన చెట్టును కనిపెట్టడం ఇంకా కష్టం. తెగులు తరచు పైకొమ్మల్లో మొదలవుతుంది. కింద నిలబడి బైనాక్యులర్‌తో చూస్తే కొన్ని కన్నాలు దాటిపోతాయి కాబట్టి చెట్లెక్కే సిబ్బందిని పెడతారు. షికాగోలో 1998లో దొరికిన పురుగును నిర్మూలించామని ప్రకటించడానికి 2008 దాకా పట్టింది. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 2008లోనే కనబడేసరికే ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉంది. అక్కడ 30,000కు పైగా చెట్లు కూల్చారు. వీధులకు వీధులు నీడ కోల్పోయాయి. అయినా ఆ కోత తప్పేది కాదని మా అభిప్రాయం.

గెలుపు సాధ్యమైందంటే కారణం ఈ పురుగు బద్ధకమే. చాలావరకు పుట్టిన చెట్టునో, పక్క చెట్టునో పట్టుకుని ఉంటుంది. యాష్‌ చెట్లను తొలిచే పచ్చ పెంకుపురుగు అలా కాదు, దూరం ఎగురుతుంది. 2002లో డెట్రాయిట్‌ దగ్గర కనబడిన దాని మీద కేంద్ర క్వారంటైన్‌ను, అంటే పురుగు పట్టిన ప్రాంతం నుంచి చెక్క, కట్టెలు బయటికి పోకుండా పెట్టిన కట్టడిని, 2021 జనవరిలో ఎత్తేసి, దాన్ని చంపే చిన్న కందిరీగలను వదలడం మీద దృష్టి పెట్టారు. బద్ధకపు పురుగును దూరం మోసుకెళ్లేది మనిషే, కారు డిక్కీలోని వంటచెరకుతో. క్వారంటైన్‌లో కట్టెలు బయటికి తీసుకెళ్లనివ్వనిది అందుకే. ఓడల్లో వచ్చే ప్యాకింగ్‌ చెక్కను మామూలుగా వేడితో శుద్ధి చేసేటప్పుడైతే నడిమధ్య 56 డిగ్రీల సెల్సియస్‌ వేడి 30 నిమిషాలు తగలాలని అంతర్జాతీయ నియమం.

పెద్దపురుగులు బాగా కనబడేది ఆగస్టులో. ఈతకొలనులున్న ఇళ్లవాళ్లను ఫిల్టర్‌లో చిక్కిన పురుగులను కూడా ఒకసారి చూడమని అమెరికా వ్యవసాయ శాఖ అడుగుతుంది.