ట్రిపుల్ ఈ కష్టమా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

కౌన్సెలింగ్ మొదలైతే చాలు, "మావాడు ట్రిపుల్ ఈలో (బీటెక్ ఎలక్ట్రికల్ బ్రాంచిలో) నెగ్గుకొస్తాడా సార్?" అని ఫోన్లు. మోటార్లూ జనరేటర్లూ ఉండే మెషీన్స్ ల్యాబ్‌లో పిల్లలతో వేగుతుంటాను కాబట్టి నాకు కనిపించేది చెప్తాను.

అపోహ: పెద్ద ర్యాంకుకీ సీటొస్తోందంటే తేలిక బ్రాంచే.

కటాఫ్ చెప్పేది గిరాకీ సంగతి. సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్‌కి) జనం ఎగబడతారు, ట్రిపుల్ ఈకి అంతగా రారు, అంతే. విద్యుదయస్కాంత క్షేత్రాల (ఫీల్డ్స్) పేపర్ దిద్దేటప్పుడు ఎవరూ మీ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు చూడరు.

అపోహ: లెక్కల్లో పిడుగులకే ఈ బ్రాంచి.

అంత లేదు. ఇక్కడ వాడే సంకీర్ణ సంఖ్యలు ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో (టూ ఏలో) చదివినవే. ఏసీ సర్క్యూట్ అనగానే అవకలన సమీకరణాలతో కుస్తీ పట్టకుండా మామూలు బీజగణితంతో తేల్చేయొచ్చని స్టైన్‌మెట్జ్ అనే ఇంజినీరు 1893లోనే చూపించాడు, అంటే ఆ 'జె' (లెక్కల్లో 'ఐ' అనే మైనస్ ఒకటి వర్గమూలం) వచ్చింది మన పని తగ్గించడానికే. 3 ఓముల రెసిస్టెన్స్, 4 ఓముల రియాక్టెన్స్ (కాయిల్ లాంటివి ఏసీకి పెట్టే అడ్డు) సిరీస్‌లో ఉంటే ఇంపిడెన్స్, అంటే మొత్తం అడ్డు, వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 5 ఓములు. 230 వోల్టులిస్తే 46 ఆంపియర్లు. ఏటా కొందరు 3, 4 కూడేసి 7 అంటారు. వాళ్ళకి కూడికలు రాక కాదు, రెసిస్టెన్స్ మీది వోల్టేజీ, రియాక్టెన్స్ మీది వోల్టేజీ ఒకేసారి పీక్‌కి రావన్న సంగతి మనసులో పడక.

అసలు కష్టం అదీ. అయస్కాంత ఫ్లక్స్ కంటికి కనపడదు, ఫేజ్ తేడా చేతికి తగలదు, బొమ్మ గీసుకుని ఊహించుకోవాల్సిందే. ఆ ఓపిక లేనివాడు ఫార్ములాలు బట్టీపట్టి మిడ్ గట్టెక్కుతాడు, సెమిస్టర్‌లో దొరికిపోతాడు.

అపోహ: ల్యాబ్ మార్కులు ఊరికే పడతాయి.

డీసీ షంట్ మోటారు తిరుగుతోంది, ఫీల్డ్ వైరు (మోటారులో అయస్కాంత క్షేత్రం పుట్టించే చుట్టది) ఊడిందనుకోండి, ఏమవుతుంది? "స్పీడ్ ఇన్ఫినిటీ సార్" అంటారు టక్కున. మరి మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే పెట్టె, త్రీ పాయింట్ స్టార్టర్ ఉంటే? నిశ్శబ్దం. స్టార్టర్ హ్యాండిల్‌ని పట్టి ఉంచే నో వోల్ట్ కాయిల్ ఫీల్డ్‌తో సిరీస్‌లోనే ఉంటుంది, ఫీల్డ్ కరెంటు పోగానే అది హ్యాండిల్‌ని వదిలేస్తుంది, స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది, మోటారు ఆగిపోతుంది. ఎదురుగా ఉన్న పెట్టెలో జరిగేదే ఇది, కానీ రికార్డు సీనియర్ది చూసి కాపీ కొట్టినవాడికి ఎలా తెలుస్తుంది?

అపోహ: ఒకటి రెండు బ్యాక్‌లాగ్స్ ఉంటే ఏమైంది, సప్లీలో చూసుకోవచ్చు.

ఏ సబ్జెక్టో చూడాలి. ఓపెన్ ఎలక్టివ్ పోతే పోయింది, సప్లీలో రాసుకోండి. సర్క్యూట్స్ మాత్రం వదలకండి, ఎందుకంటే మెషీన్స్‌లో ఈక్వివలెంట్ సర్క్యూట్, పవర్ సిస్టమ్స్‌లో ట్రాన్స్‌మిషన్ లైను, కంట్రోల్ సిస్టమ్స్‌లో ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, అన్నీ దాని మీదే నిలబడతాయి. నాలుగైదు బ్యాక్‌లాగ్స్‌తో వచ్చేవాళ్ళని కదిలిస్తే చాలామందికి మొదట పోయింది సర్క్యూట్సో, ఎం వన్నో (మొదటి ఏడాది లెక్కలో).

అపోహ: డిప్లొమా నుంచి ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వచ్చినవాళ్ళకి నల్లేరు మీద నడకే.

ల్యాబ్‌లో నిజమే, స్టార్టర్ విప్పి మళ్ళీ బిగించమన్నా బిగిస్తారు. కానీ నేరుగా రెండో ఏడాదిలో చేరతారు కాబట్టి మొదటి ఏడాది లెక్కలు లేక లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ లెక్కల దగ్గర తడబడతారు. ఇంటర్ పిల్లలది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. అందుకే ల్యాబ్ బ్యాచ్‌లు వేసేటప్పుడు ఇద్దరినీ కలిపి వేస్తాను. మొదటి వారం కాస్త గొణుక్కుంటారనుకోండి.